ఎదుటివాని పందెము



నేటి ప్రసంగమునకు నేనెన్నుకొనిన విషయము పేకాటకు సంబంధించినది. ఈ మాట వినగానే కొందరు పెద్దలు నొసలు ముడివేయుదురని నేనెరుగుదును. జూదమువలన ధర్మరాజు రాజ్యమును, తమ్ములను, తన్నును, తుదకు ద్రౌపదిని ఒడ్డి ఓడిన కథ మన పల్లెలలో అక్షరము రానివారికి సయితము తెలిసినదే. అట్టిదానిని గూర్చి పనిగట్టుకొని చెప్పనేల యని మీరడుగవచ్చును. ఆట నేర్పుటకు నేను రాలేదు. ఆ ఆటలో ఒక ఘట్టము కలదు. మన చేతిలో మేలైన ముక్కలుండును. ఎదుటివాడు అంతవరకు నెమ్మదిగానుండి హఠాత్తుగా పెద్ద పందెము కట్టును. ఆ పందెమునకు అర్థమేమి? ఆ యర్థమును గ్రహించుట యెట్లు? ఈ యొక్క ప్రశ్నను విప్పి చెప్పుటయే నా యుద్దేశము. దానిని గ్రహింపలేక నేనొకనాడు సొమ్ము పోగొట్టుకొంటిని. న్యాయముగా చూచినచో ఆ సొమ్ము నాది కూడ కాదు. ఆ సంగతిని దాచక చెప్పెదను.

నేను చెప్పబోవునది పోకరు అను ఆట. ఇది అమెరికావారి ఆట. పందొమ్మిదవ శతాబ్దపు తొలిభాగమున న్యూ ఆర్లియన్సు ప్రాంతమున ప్రబలి, మిసిసిపీ నదిపై నడచు పొగయోడలలో ప్రయాణికుల వెంట దేశమంతటను వ్యాపించినది. దీనిలో పెక్కు భేదములు కలవు. నేడు లోకమున మిక్కిలి ప్రచారములో నున్నది టెక్సాసు హోల్డెమ్ అను భేదము. టెక్సాసు రాష్ట్రమునందలి రాబ్స్‌టౌను అను చిన్న పట్టణమే దీనికి జన్మస్థానమని ఆ రాష్ట్ర శాసనసభ 2007లో తీర్మానించినది. 1970లో లాస్ వేగాసు నగరమున దీని ప్రపంచ పోటీలు ఆరంభమైనవి. 2003లో క్రిస్ మనీమేకర్ అను ఒక పద్దుల ఉద్యోగి ఇంటర్నెట్టు ద్వారా ప్రవేశము సంపాదించి, 839 మందిలో మొదటివాడై 25 లక్షల డాలర్లు గెలిచెను. నిన్నటివరకు లెక్కలు వ్రాసికొనుచున్నవానికి అంత ధనము లభించుట చూచి, నాటినుండి దేశదేశముల యువకులు ఈ యాటకై యెగబడిరి.

మూడు ముక్కలాట నెరిగినవారికి దీని రూపు సుళువుగా బోధపడును. ప్రతి యాటగానికి రెండేసి ముక్కలు బోర్లించి పంచుదురు. అవి యేవో వానికి మాత్రమే తెలియును. పిమ్మట బల్లనడుమ అందరికిని ఉమ్మడిగా మొదట మూడు, తరువాత ఒకటి, చివరకు మరియొకటి, మొత్తము ఐదు ముక్కలు అందరికి కనబడునట్లు పరతురు. తన రెండును ఉమ్మడి యైదును చేర్చి చూచుకొని, ఆ యేడింటిలో మేలైన యైదింటిని లెక్కకు తీసికొనవలెను. చేతి ముక్కలు పడినప్పుడొకసారి, మూడు ముక్కలు పరచినప్పుడొకసారి, నాలుగవదానికి ఒకసారి, ఐదవదానికి ఒకసారి, ఇట్లు నాలుగు మారులు పందెములు నడచును. ఎదుటివాడు పందెము కట్టినప్పుడు ఆటగానికి మూడు దారులు కలవు: దానికి సరి కట్టవచ్చును, దానిని పెంచవచ్చును, లేదా ముక్కలు పారవేసి, అంతవరకు కట్టినదానిపై ఆశ వదలుకొనవచ్చును. నడుమ చేరిన సొమ్మును మనము పోగు అందము.

ముక్కల తారతమ్యము ఇట్లుండును. ఏమియు కలియనిది అన్నిటికంటె తక్కువ. దానిపైన ఒక జత. దానిపైన రెండు జతలు. దానిపైన ఒకే యంకె గల మూడు ముక్కలు, దీనిని త్రయమందము. ఆపైన వరుసగా వచ్చు ఐదు ముక్కలు, ఒకే జాతికి చెందిన ఐదు ముక్కలు మొదలగునవి కలవు. ఆసు అన్నిటికంటె పెద్ద ముక్క. దాని తరువాత రాజు, రాణి, జాకీ. మన ప్రసంగమునకు ఇంత చాలును.

ఇక గట్టి జత యననేమి? చేతిలో పడిన రెండు ముక్కలును ఒకే యంకెవై, బల్లమీద పరచిన వానికంటె పెద్దవైనచో అది గట్టి జత. 52 ముక్కలనుండి రెండేసి ముక్కలను 1326 విధములుగా తీయవచ్చును. వానిలో రాజుల జత ఆరు విధములు మాత్రమే. అనగా సగటున 221 పంపకములకు ఒకమారు వచ్చును. ఒక రాత్రియంతయు కూర్చున్నను రాకపోవచ్చును. అందుచేతనే అది చేత పడినప్పుడు మనుష్యుని గుండె వేగముగా కొట్టుకొనును. ఎట్టి ముక్కలున్నవో తెలియని ఒక్క ప్రత్యర్థితో చివరివరకు పోయినచో రాజుల జత నూటికి సుమారు 82 మారులు గెలుచును. ఇది సత్యము. కాని ఈ సత్యములోనే మోసము కలదు. ‘ఎట్టి ముక్కలున్నవో తెలియని’ అను మాటను మీరు గమనింపవలెను. ఎదుటివాడు పందెము కట్టిన క్షణమునుండి వానివి తెలియని ముక్కలు కావు. వాడు కొంత చెప్పినాడన్నమాట.

ఒక ఉదాహరణము. మన చేత రాజుల జత యున్నది. ఎదుటనున్న ఒక్కని చేత ఆసుల జత యుండుటకు అవకాశము 204లో ఒకటి. ఇంత స్వల్పమైనదానికి భయపడుట అవివేకము. కాని ఆ యెదుటివాడు పరమ జాగ్రత్తపరుడని యనుకొందము. మనము పెంచితిమి, వాడు పెంచెను. మనము మరల పెంచితిమి. వాడు తడుముకొనక మరల పెంచెను. ఇప్పుడు 204లో ఒకటి యను లెక్క చెల్లదు. సంతలో ఎద్దును బేరమాడునప్పుడు, అడుగకయే ధర తగ్గించు ఆసామిని చూచి మీరు ఎద్దు కాలును మరియొకమారు తడవి చూతురు. ఎద్దు మారలేదు; అమ్మువాని చేష్టవలన దానిని గూర్చి మీకు తెలిసినది మారినది. పందెమును చదువుట యనగా నిదియే.

నా సంగతికి వచ్చెదను. నేను టెక్సాసు రాష్ట్రమున హ్యూస్టను నగరమున పదునేడేండ్లు ఉద్యోగము చేసితిని. మా వీధిలో నొక వృద్ధుడుండెను. పత్తి వ్యాపారము చేసి విరమించినవాడు. శనివారపు రాత్రులందు ఆయన యింట ఆరేడుగురము కూడి స్వల్పమైన పందెములతో ఆడెడివారము. అచ్చట నాకు కొన్ని వారములు వరుసగా గెలుపు కలిగెను. గెలుపువెంట గర్వమును కలిగెను. పొరుగు రాష్ట్రమైన లూసియానాలోని లేక్ చార్లెసు పట్టణమున జూదశాలలు కలవు. ఒక శుక్రవారము సాయంకాలము ఎవరికిని చెప్పక కారులో అచ్చటికి పోయితిని. నా జేబులో వేయి డాలర్లుండెను. మా నాన్నగారి పొలములో బోరు ఎండిపోగా, కొత్త బోరు వేయించుటకై ఆ వారముననే మా తమ్మునికి పంపవలసిన సొమ్మది. సోమవారమునాటికి దానిని రెట్టింపు చేసి పంపెదనని నాకు నేను నచ్చచెప్పుకొంటిని.

మూడు గంటలు ఆడిన పిమ్మట నాకు ఇస్పేటు రాజును డైమను రాజును పడెను. నేను పందెమును 20 డాలర్లకు పెంచితిని. అందరును ముక్కలు పారవేసిరి; నా తరువాత ఆడవలసిన వృద్ధుడొక్కడు సరి కట్టెను. నియమము ననుసరించి ముందుగా ఇద్దరు కట్టిన చిల్లరతో కలిసి పోగు 47 డాలర్లయ్యెను. మూడు ముక్కలు పరచిరి: ఆఠీను రాణి, ఆఠీను ఏడు, కళావరు రెండు. నేను 30 కట్టితిని. ఆయన సరి కట్టెను. పోగు 107. నాలుగవ ముక్క డైమను నాలుగు. నేను 80 కట్టితిని. ఆయన కొంచెమాలోచించి సరి కట్టెను. పోగు 267. ఐదవది ఇస్పేటు తొమ్మిది. బల్లమీద ఆసు లేదు, రాజు లేదు. నా జత అన్నిటికంటె పెద్దదిగనే యున్నది. సంతోషముతో 150 కట్టితిని. ఆ వృద్ధుడు తన బిళ్ళలన్నియు మెల్లగా ముందునకు త్రోసెను. అవి 600 డాలర్లు. నేను నిలువవలెనన్న మరి 450 కట్టవలెను.

నేనప్పుడేమి చేసితినో చెప్పుటకు సిగ్గగుచున్నది. ఆయన పందెమును గూర్చి ఆలోచింపనే లేదు. నా రాజులను మరల మరల చూచుకొంటిని. ఇంతసేపటికి వచ్చిన జత, దీనిని పారవేయుటా? ఆయన నన్ను బెదరించుచున్నాడని నిశ్చయించుకొని 450 కట్టితిని. ఆయన రెండు ఏడులు చూపెను. బల్లమీది ఏడుతో కలిసి త్రయము. ఆ యొక్క ఆటలో నేను పోగొట్టుకొనినది 730 డాలర్లు.

బ్యాంకులో ఆలస్యమైనదని మా తమ్మునికి అబద్ధము వ్రాసితిని. నా యింటిదానికిని చెప్పలేదు. మరుసటి జీతమునుండి కూడబెట్టి సొమ్ము పంపునప్పటికి మూడు వారములు గడచెను. ఆలోపల మా మిరపచేనులో సగము వాడిపోయెను.

ఈ సంగతి నేను మొదట చెప్పినది పత్తి వ్యాపారికి. ఆయన నన్ను మందలింపలేదు. వంటగదిలోని బల్లమీద పేకను తీసి, ఆ యాటలోని ముక్కలన్నియు పరపించెను. పిమ్మట నా రాజులను బోర్లించుమనెను. ‘నీ ముక్కలు నీకు తెలియును. వానిని చూచుకొనుటవలన నీకు కొత్తగా తెలియున దేమియు లేదు. అవతలివాడు చేసిన పనులను మొదటినుండి వరుసగా చెప్పుము’ అనెను. నేను చెప్పుచు పోగా ఆయన ఒక కాగితముపై వ్రాయుచు, ఒక్కొక్క పనికి కొన్ని ముక్కలను కొట్టివేయుచు పోయెను.

మొదట ఆయన నా 20 డాలర్లకు సరి కట్టెను గాని పెంచలేదు. ఆసుల జతయో రాణుల జతయో యున్నచో పెంచియుండును. కావున అవి దాదాపుగా లేవు. చిన్న జతలు, ఆసును రాణియు, రాజును రాణియు, ఒకే జాతివైన రెండు ముక్కలు, ఇట్టివి మిగిలినవి. చిన్న జత గలవాడు త్రయము పడునేమో యను ఆశతో స్వల్ప వ్యయమునకు నిలుచును. మూడు ముక్కలు పరచినప్పుడు త్రయము పడుట ఎనిమిది తొమ్మిది మారులకొకసారి మాత్రమే. పడినప్పుడు మాత్రము గట్టి జత గలవానిని నిలువున దోచును. రెండవమారు ఆయన 30కి నిలిచెను. కావున ఆయనకు రాణి కలిసియుండవలెను, లేదా ఏడు కలిసియుండవలెను, లేదా నడితరపు జత యుండవలెను, లేదా రెండు ఆఠీను ముక్కలతో ఐదవ ఆఠీనుకై కాచుకొనియుండవలెను. మూడవమారు 80కి నిలిచెను. బలహీనమైనవి అప్పుడు చాలవరకు రాలిపోవును.

ఇక నాలుగవమారు. వ్యాపారి యచ్చట కలము నిలిపి నన్ను ప్రశ్నించెను. ‘ఆసును రాణియు గలవాడు నీ 150కి ఏమి చేయును?’ సరి కట్టునంటిని. ‘పెంచునా?’ నేనాలోచించి, పెంచడంటిని. ఎందుకనగా వాడు పెంచినయెడల, వానికంటె తక్కువ ముక్కలు గలవారు పారిపోవుదురు. ఎక్కువ ముక్కలు గలవారు నిలుతురు. అట్లు పెంచుటవలన వానికి లాభము లేదు. ఆసు రాణులు 12 విధములుగ నుండవచ్చును. రెండు రాజులు నా చేతనే యున్నందున రాజు రాణులు ఆరు విధములు. ఈ 18 విధములును నేను గెలువదగినవే. నేను మనసులో నమ్ముకొనినవి యివియే. కాని ఆయన పెంచిన క్షణమున ఈ 18 విధములును కాగితముమీదనుండి కొట్టివేయబడినవి. వ్యాపారి ఒక్క గీతతో వానిని కొట్టివేయుట చూచినప్పుడు నా కడుపులో దేవినట్లయ్యెను.

మిగిలినవేవి? నన్ను గెలుచునవి: ఏడుల త్రయము 3 విధములు, రెండ్ల త్రయము 3, తొమ్మిదుల త్రయము 3, ఒకే జాతి రాణియు ఏడును కలిసి రెండు జతలైనవి 3, మొత్తము 12. నాకు ఓడునవి: ఐదవ ఆఠీను రాక చెడిపోయి, ఏమియు లేక, బుకాయించి నన్ను తరుమ జూచునవి. ఈ రెండు కొసలు తప్ప నడుమ ఏమియు లేదు.

అప్పుడు లెక్క తేలికయ్యెను. పోగులో నా 150తోను ఆయన 600తోను కలిసి 1017 డాలర్లున్నవి. దానికై నేను 450 కట్టవలెను. నా 450 కూడ చేర్చినచో మొత్తము 1467. కావున నూటికి 31 మారులైనను నేను గెలువగలిగిననే కట్టుట న్యాయము. గట్టి ముక్కలు 12 విధములు కలవు గనుక, ఆయన బుకాయించునట్టివి ఆరు విధములైనను ఉండవలెను. ఐదే యైనచో కట్టుట నష్టము. ఆరైనచో స్వల్ప లాభము. ఆఠీను ముక్కలు రెండేసిగా లెక్కకు 55 విధములున్నవి. వివేకి ఆడునవి అందులో కొన్నియే. వానిలోనైనను ఆరింటితో ఆ వృద్ధుడు తన బిళ్ళలన్నియు ఒడ్డి బుకాయించువాడేనా? ఇదియే అసలు ప్రశ్న. నేను వేసికొనవలసియుండి వేసికొనని ప్రశ్నయు నిదియే.

‘ఆ మూడు గంటలలో ఆయన చివర పెంచి ముక్కలు చూపినది యెన్నిమారులు?’ అని వ్యాపారి యడిగెను. రెండు మారులు. రెండుమారులును గట్టి ముక్కలే. రెండు మారులు గొప్ప సాక్ష్యము కాదు. కాని నీకున్న సాక్ష్యము అంతియే యని ఆయన యనెను. మరియొక సంగతి. నేను మూడుమారులు వరుసగా పందెము కట్టి, నా చేత మంచి ముక్కలున్నవని చాటితిని. బుకాయించువాడు పారిపోవునట్టి వానిని వెదకును గాని, పాతుకొని కూర్చున్నవానిని వెదకడు. కావున నేను ముక్కలు పారవేయవలసినది. అట్లు చేసినచో అంతకుముందు కట్టిన 280 డాలర్లు పోయెడివి, 450 దక్కెడివి.

ఆయన చివర చెప్పిన మాట నేనెన్నటికి మరువను. ఆ యైదవ ముక్క దగ్గర ఆయన పెంచిన తరువాత నీ రాజుల జత రాజుల జత కాదనెను. అది బుకాయింపును మాత్రము పట్టుకొనగలదు; తక్కినదానికి కొరగాదు. రాణుల నొక జతగా గలవాడును, రాజుల జత గలవాడును ఆ క్షణమున సమానులే. ముక్క పెద్దదను ప్రేమతో దానికి లేని విలువ కట్టితిని.

వంటగది బల్లమీద ఆయన వ్రాసి చూపినదానికి శాస్త్రాధారము కూడ కలదని నాకు తరువాత తెలిసినది. హంగరీ దేశమున జన్మించిన జాన్ వాన్ నాయ్‌మన్ అను గణితవేత్త 1928లో ఆటలను గూర్చి ఒక సిద్ధాంతమును ప్రకటించెను. 1944లో ఆస్కార్ మార్గన్‌స్టర్న్ అను అర్థశాస్త్రజ్ఞునితో కలిసి వ్రాసిన గ్రంథమున పోకరునకే ఒక విభాగమును కేటాయించెను. చిన్నదిగా కుదించిన పోకరును తీసికొని ఆయన తేల్చినదేమనగా, పెద్ద పందెము రెండు కొసలనుండి రావలెను: మిక్కిలి మేలైన ముక్కలతోను, మిక్కిలి చెడ్డవానిలో కొన్నిటితోను. నడితరపు ముక్కలు గలవాడు ఊరకుండవలెను. ఎన్నడును బుకాయింపనివాని పందెమునకు ఎవరును సరి కట్టరు. ఎల్లప్పుడు బుకాయించువానికి అందరును సరి కట్టుదురు. కావున బుకాయింపు కేవలము దుస్స్వభావము కాదు. దానికొక పాలు కలదు. పోగెంత యున్నదో అంత పందెము కట్టువాడు, రెండు గట్టి ముక్కలకు ఒక్క బుకాయింపు చొప్పున నడపినచో, ఎదుటివానికి సరి కట్టినను పారవేసినను ఒకటియే యగును.

కొందరు పోకరు అనగా ఎదుటివాని ముఖము చూచి, కన్నులు చూచి, చేతివణకు చూచి రహస్యము పట్టుట యనుకొందురు. 2017లో అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమున లిబ్రాటసు అను కంప్యూటరు నలుగురు ఆరితేరిన ఆటగాండ్రతో ఇరువది దినములు, లక్షయిరువదివేల ఆటలు ఆడి అందరిని ఓడించెను. 2019లో దాని తరువాత వచ్చిన ప్లూరిబసు అను యంత్రము ఆరుగురు కూర్చుండు ఆటలోను నేర్పరులను మించెను. వానికి కన్నులు లేవు; ఎవరి ముఖమును చూడలేదు. ఎవడు ఎప్పుడు ఎంత కట్టెనో అది మాత్రమే వాని యెదుట నున్నది. పందెములలోనే చదువదగినది చాల కలదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

అయితే ఒక హెచ్చరిక చేయవలసియున్నది. ఎదుటివాడు పెంచినప్పుడెల్ల భయపడి పారవేయుట కూడ చదువుట కాదు. శనివారపు ఆటలలో మాతో ఒక యువకుడు కూర్చుండెడివాడు. మూడాటలకొకమారు పెద్ద పందెము కట్టనిదే వానికి నిద్రపట్టదు. వాడొకనాడు చివరి ముక్క దగ్గర పోగంత పందెము కట్టెను. నాకు పదుల జత యుండెను. లేక్ చార్లెసులో నా చేత నుండిన రాజులకంటె ఎంతో చిన్నది. అట్టి పందెమునకు నూటికి 33 మారులు గెలిచిన చాలును. వాని బుకాయింపులు అంతకంటె ఎక్కువని నేనెరుగుదును. సరి కట్టితిని, గెలిచితిని. పెద్ద జతతో పారవేయవలసినచోట కట్టితిని; చిన్న జతతో కట్టవలసినచోట కట్టితిని. జత పెద్దదా చిన్నదా యనునది నిర్ణయింపలేదు, ఎదుటివాడు నిర్ణయించెను. పందెపు పరిమాణమును బట్టియు తీర్పు మారును. పోగులో నాలుగవ వంతు పందెము వచ్చినప్పుడు ఆరింట ఒకమారు గెలిచినను చాలును. అచ్చట అతి జాగ్రత్త నష్టమును తెచ్చును.

మన అరణ్యపర్వములోని నలోపాఖ్యానమున ఋతుపర్ణుడు దారిలో ఒక తాండ్రచెట్టును చూచి, దాని కొమ్మలయందలి ఆకులను, కాయలను చూపుతోనే లెక్కించి చెప్పెను. నలుడు చెట్టుకడ రథము నిలిపి లెక్కించి నిజమని తెలిసికొని, ఆయన యొద్ద అక్షహృదయమను విద్యను గ్రహించెను. లెక్కించుటయు, జూదపు మర్మమును ఒకే విద్యకు రెండు ముఖములని మనవారికి అప్పుడే తెలియును. ఆ విద్య లేకనే నలుడు పుష్కరునికి సర్వమును ఓడెను. అది వచ్చిన తరువాత ఒక్క పందెముతో తిరిగి గెలిచి అంతటితో నిలిచెను. ఆ నిలుచుట కూడ విద్యలోని భాగమే.

ఇది చెప్పి, ఆట మంచిదని నేను ముగింపదలచలేదు. జూదశాలలలో ఆడువారి పోగులనుండి శాలవారు వంతు తీసికొందురు. కావున బల్లచుట్టు కూర్చున్నవారి సొమ్మంతయు కలిపి చూచినను గంటగంటకు తరిగిపోవుచుండును. ఇంత లెక్క తెలిసినవారిలో కూడ మిగిలించుకొనువారు కొందరే. రమ్మీ ప్రధానముగా నైపుణ్యముపై నాధారపడిన యాట యని 1967లో సుప్రీముకోర్టు మన ఆంధ్రప్రదేశమునుండి వచ్చిన వ్యాజ్యముననే తీర్పు చెప్పినది. కాని నైపుణ్యము గల ఆటయైనంతమాత్రమున అది యింటిని నిలుపదు. ఫోనులలో సొమ్ము ఒడ్డి యాడు ఆటలను తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను నిషేధించినవి. 2025లో పార్లమెంటు, నైపుణ్యమా అదృష్టమా యను భేదము పాటింపక, దేశమంతటికిని అట్టి నిషేధమును శాసించినది. మీ యిండ్లలో మనుమలు ఫోను పట్టుకొని, ఇది బుద్ధితో గెలుచు ఆట యని మీకు చెప్పినయెడల, అందులో అబద్ధము లేదు. కాని బుద్ధి ఎవరికి ఎక్కువ యున్నదో తెలియుటకు ముందే చేను వాడిపోవును. అట్టివానిని కొట్టక, తిట్టక, నేను చెప్పిన 730 డాలర్ల ఆటను వానికి చెప్పుడు. ‘నీ చేతనున్నది కాదు, ఎదుటివాడు చేసినది చెప్పుము’ అని అడుగుడు. చెప్పలేకపోయినచో వాడు ఆడుచున్నది బుద్ధితో కాదని వానికే తెలియును.

ఆ బోరు సంగతి నిజమును నేను ఐదేండ్ల తరువాత ఊరికి వచ్చినప్పుడు మా తమ్మునికి చెప్పితిని. అతడు కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, ‘ఆ యేడు నీవు బ్యాంకు ఆలస్యమని వ్రాసినప్పుడే నాకు అనుమానము కలిగినదన్నయ్యా. అంతకుముందు ఎన్నడును నీ సొమ్ము ఆలస్యము కాలేదు గదా’ అనెను. అతడు పేక ముట్టినవాడు కాడు. నన్ను మాత్రము నాకంటె చక్కగా చదివినాడు.